దాటిపోయిన గిన్నె

గురువారం పొద్దున్నే దీవెనమ్మ కూనిరాగం తీస్తూ ఉప్మా కలుపుతోంది. మస్కట్‌లో, ఘుబ్రా పేటలోని ఆ మూడంతస్తుల బిల్డింగులో కాపురం పెట్టాక, సెలవు రోజున ఆవిడ గొంతు ఇంత హుషారుగా పలకడం ఇదే మొదలు. ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసీ చేసీ, ఆఫ్ దొరికితే చాలు మంచం దిగని మనిషి ఇవాళ చీకటితోనే లేచింది. తలంటుకుంది. చిలకపచ్చ పట్టుచీర తీసి కుర్చీ మీద వేసుకుంది.

ఆవిడ భర్త ఏసుదానం గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి ఆ చీర వంక చూసి తెగ సంబరపడిపోయాడు. పిచ్చి మారాజు! పెళ్లాం పాట పాడిందంటే తన మీద ప్రేమ పొంగుకొచ్చిందనుకునే రకం ఆయన. ఆ పాట ఎందుకో తెలిస్తే సగం గడ్డంతోనే స్టోర్స్ డ్యూటీకి పారిపోయి ఉండేవాడు.

"ముందు జూలీ వాళ్లిల్లు, ఆ తర్వాత సీబ్, చివరికి నిజ్వా. అంతే గదండీ?"

"అంతే. దోవలో ఎక్కడన్నా చెట్టు కనపడితే ఆగి కూర్చుందాం. మనిద్దరం ఇట్టా తిరిగి ఎన్నాళ్లయిందో" అన్నాడు ఏసుదానం.

"తొందరేముంది, నిదానంగానే పోదాం. మీ అక్కయ్య చేతి రసం చివర్లో తాగితేనే బాగుంటది."

అక్కయ్య అన్న మాట పెళ్లాం నోట్లోంచి ఇంత మెత్తగా రావడం విని ఏసుదానం చేతిలో బ్లేడు ఆగిపోయింది. దేవుడు తన మొర ఆలకించాడనే అనుకున్నాడు.

సంగతేమిటంటే, ఆ ఏడాది, తొంభై మూడులో, మస్కట్ తెలుగు సంఘం మొదటిసారి క్రిస్మస్ నాడు సొంతంగా ప్రభువు బల్ల పెట్టి రొట్టె, ద్రాక్షారసం పంచుకోబోతోంది. ఆపైన నెలనెలా బల్ల ఉంటుంది. అంతవరకూ అందరూ ఇంగ్లీషు ఆరాధనలో వెనక వరసల్లో మోకరించినవాళ్లే. "మొదటి బల్లకు కొన్న సీసా ఎందుకు? మన ఇళ్లల్లో చేసిన ద్రాక్షారసమే పెడదాం" అన్నారు పాస్టరుగారు. మూడిళ్ల వాళ్లు నల్లద్రాక్ష కొని జాడీలు పెట్టారు. ఎవరిది బల్లకెక్కాలో రుచి చూసి చెప్పే పని స్త్రీల సమాజం దీవెనమ్మకి అప్పజెప్పింది. ఆవిడ నాలుక అట్లాంటిది మరి. పులుసు చుక్క నోట్లో వేసుకుని చింతపండు పాతదో కొత్తదో చెప్పేస్తుంది. ఆ దేశంలో జాడీలు కార్లలో వేసుకుని తిరిగితే పోలీసులతో తంటా గనక, రుచి చూసేవాళ్లే ఇల్లిల్లూ తిరగాలి. ఎంపికైన జాడీ సంగతి చర్చికున్న పర్మిట్ మీద పాస్టరుగారు చూసుకుంటారు.

ఆ మూడో ఇల్లు నిజ్వాలో రాహేలమ్మది. ఏసుదానానికి అక్క, దీవెనమ్మకి ఆడబిడ్డ. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. అయిదేళ్ల కిందట ఆ అర్ధమొగుడు చేసిన పని దీవెనమ్మ కడుపులో ఇప్పటికీ కుతకుత ఉడుకుతూనే ఉంది.

దీవెనమ్మకి ఒమాన్‌లో ఉద్యోగంలో చేరాక తొలి సెలవది. అప్పటికింకా ఏసుదానం ఊళ్లోనే ఉన్నాడు. రేపల్లె పక్కన అత్తగారి ఊరి గుడిలో, పండుగ ఆరాధనలో, భర్త పక్కన మోకరించింది దీవెనమ్మ. పాస్టరు గిన్నె పట్టుకుని వరసగా వస్తున్నాడు. ఏసుదానం తాగాడు. దీవెనమ్మ తలెత్తి పెదాలు తెరిచింది. గిన్నె ఆగలేదు. ఆవిణ్ణి దాటిపోయి అవతలి ముసలమ్మ దగ్గర ఆగింది. ఊరు ఊరంతా చూసింది.

దీవెనమ్మ ఒమాన్‌లో ఆసుపత్రి వ్యాన్ డ్రైవరుతో తిరుగుతోందట, అందుకని ఏడాది పాటు బల్లకు దూరం పెట్టారట! ఇంటికొచ్చి పొర్లి పొర్లి ఏడుస్తుంటే ఏసుదానమే పక్కన కూర్చుని, "ఇంకెవరు చెబుతారు? అక్కయ్యే చెప్పుంటది. అక్కణ్ణుంచి కొత్తగా వచ్చింది ఆవిడే గదా" అన్నాడు. ఆ మాట దీవెనమ్మ గుండెలో దిగబడిపోయింది. తర్వాత అదే రాహేలమ్మ తమ్ముడికి ఒమాన్ వీసా తీయించినా, కంపెనీలో స్టోర్‌కీపర్ పని ఇప్పించినా ఆవిడ కరగలేదు. పాము పగ పన్నెండేళ్లంటారు. దీవెనమ్మది అందులో సగం కూడా కాలేదు.

ఇప్పుడు రాహేలమ్మ ఉద్యోగం చాలించి జనవరిలో ఇండియా వెళ్లిపోతోంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. "నా చేతి రసం ఒక్కసారి బల్ల మీద చూసుకుని వెళ్లిపోతాను. నాకింకేం వద్దు" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుంది. చెప్పుకుందా, బంగారం! దీవెనమ్మకి కావలసింది అదే. నిజ్వాలో ఆవిడ ఎదుట కూర్చుని ఒక్క గుక్క తాగాలి. గ్లాసు పక్కకు నెట్టాలి. "పులిసిపోయింది వదినా, బల్లకు పనికిరాదు" అనాలి. పెదాల దాకా వచ్చిన గిన్నె దాటిపోతే ఎట్లా ఉంటుందో ఆవిడా చూడాలి. ఆ మాటని వారం నుంచి వార్డులో పక్కగుడ్డలు మారుస్తూ లోలోపల అప్పజెప్పుకుంటూనే ఉంది.

జూలీ వాళ్లు రెండు వీధుల అవతలే. ఆ పిల్లా నర్సే, కాకినాడ అమ్మాయి. భర్త ప్రీతమ్ అక్కడి ఇండియన్ స్కూల్లో లెక్కల మాస్టారు. కడిగి ఎండబెట్టిన సెలైన్ సీసాలో రసం పోసి, మూతికి గుడ్డ కట్టి, కర్టెన్ వెనక దాచిపెట్టారు. దీవెనమ్మ గ్లాసు వెలుగులోకెత్తి చూసి, వాసన పీల్చి, చిన్న గుక్క వేసింది.

"చెప్పండక్కా, ఎలా ఉందండీ?" అంది జూలీ చేతులు నలుపుకుంటూ.

"పంచదార ఎంత పోశావే?"

"తియ్యగా ఉంటే బాగుంటదని కొంచెం ఎక్కువే పోశానండి."

"ఇది ద్రాక్షారసం కాదు తల్లీ, శ్రీరామనవమి పానకం! పాస్టరుగారికి షుగరుంది, ఆయన్ని చంపుతావా ఏంది?"

జూలీతో పాటు ప్రీతమ్ కూడా పడీ పడీ నవ్వాడు. దీవెనమ్మ కూడా నవ్వి, జూలీ బుగ్గ గిల్లి, బిస్కెట్టు కొరికి నోరు శుభ్రం చేసుకుని లేచింది. ఆ రోజు ఆవిడ అందరి మీదా దయగానే ఉంది. ఉన్న కసంతా ఒక్కరి కోసం దాచుకున్నాక మిగతావాళ్లతో మంచిగా ఉండటం ఎంత తేలిక!

పాత కరోలా కారులో ముందు సీట్లో కూర్చుని అద్దం దించుకుంది. వెనక సీట్లో కూర్చుంటే ఆవిడకి రెండు మైళ్లు కాకుండానే వాంతులు. పెళ్లయి అత్తారింటికి వెళ్లిన రోజున కూడా అద్దె కారులో డ్రైవరు పక్క సీటు కోసం ఏసుదానం మేనమామను లేపి వెనక్కి పంపాల్సి వచ్చింది.

సీబ్‌లో జీవరత్నంగారి రసం దాల్చినచెక్క ఘాటుకి ముక్కుకెక్కింది. ఆయన పెద్ద కంపెనీ మెస్‌లో వంటమనిషి. మసాలా తగలని వస్తువు ఆయన చేతుల్లోంచి బయటికి రాదు. "బిర్యానీలోకి భేషుగ్గా ఉంటది బాబాయ్" అని నవ్వించి బయటపడింది. ఏసుదానం మాత్రం డ్రైవింగ్ ఉందని ప్రతి ఇంట్లోనూ చెంచాడే నాలిక్కి రాసుకుని, "బాగుంది, బాగుంది" అంటున్నాడు. ఆయనకి అన్నీ బాగుంటాయి.

సీబ్ చివర్లో ఖమరుద్దీన్ టీకొట్టు ఉంది. కడప మనిషి. ఒకప్పుడు ఆసుపత్రి వ్యాన్ నడిపింది అతనే. ఊరంతా దీవెనమ్మకి అంటగట్టింది ఆ ఖమరుద్దీన్‌నే. ఆవిడ మాత్రం తల దించుకుని తప్పుకుపోలేదు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా కారు ఆపించి మరీ దిగేది.

"ఏమక్కా, బాగుండావా? నఫీసా, ఎవరొచ్చినారో చూడు!" అని కేకేశాడు ఖమరుద్దీన్.

లోపల్నుంచి అతని భార్య నఫీసా వచ్చి, "ఆవో దీదీ, ఆవో" అని చెయ్యి పట్టుకుంది. "అన్న దిగడా అక్కా? ఎప్పుడొచ్చినా కార్లోనే కూచుంటాడే?" అన్నాడు ఖమరుద్దీన్ గ్లాసు అందిస్తూ.

"ఆయనకి సిగ్గులే" అంది దీవెనమ్మ.

అక్క చేసిన పనికి తమ్ముడు మొహం చూపించలేకపోతున్నాడని ఆవిడ నమ్మకం. ఎంత మంచివాడో నా మొగుడు అని జాలిపడుతూ ఆయన టీ ఆయనకి కార్లోకే తీసుకెళ్లి ఇచ్చింది.

నిజ్వా రోడ్డెక్కాక రెండు పక్కలా పూచికపుల్ల మొలవని కొండలు. ఫంజా దాటాక లోయలో ఖర్జూరపు తోటలు కనపడితే ఏసుదానం అన్నట్టుగానే కారాపి నీడన దుప్పటి పరిచాడు. ఉప్మా తిన్నారు. ఆయన నారింజ వలిచి తొనలు పెళ్లాం చేతిలో పెట్టాడు.

"దీవెనా, అక్కయ్య వెళ్లిపోతంది. ఇంక మళ్లీ ఎప్పటికో. మనసులో ఏమున్నా ఇవాళ్టితో..."

"ఇవాళ్టితో తీరిపోయిద్ది లెండి" అంది దీవెనమ్మ, తొన నోట్లో వేసుకుంటూ.

రాహేలమ్మ క్వార్టర్స్ గుమ్మంలోనే నిలబడి ఉంది. నెరిసిన జుట్టు బిగించి ముడేసుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుంది. ఇల్లంతా సర్ది అట్టపెట్టెల్లో కట్టేసి ఉంది. ఒక్క భోజనాల బల్ల మాత్రం మిగిలింది. దాని మీద కోడిపులుసు, గారెలు, వాటి పక్కన ఉతికిన తెల్లగుడ్డ మీద గాజుగ్లాసు.

"రా దీవెనా. అన్నం తిని చూస్తావా, ముందే చూస్తావా?" అంది. ఆ గొంతులో చిన్న వణుకుంది. అది విని దీవెనమ్మ ప్రాణం లేచొచ్చింది.

"ముందే చూస్తాను వదినా."

రాహేలమ్మ జాడీలోంచి గరిటెతో తీసి వడకట్టి పోసింది. దీవెనమ్మ ఒక్క గుక్క వేసింది. వేసి, ఒక్క క్షణం తను ఎందుకొచ్చిందో మరిచిపోయింది. తీపీ వగరూ ఒకదాన్నొకటి పట్టుకుని గొంతులోకి వెచ్చగా దిగాయి. ఇట్లాంటి రసం ఆవిడ జన్మలో తాగలేదు. ఇంత బాగుందేమిటని ఇంకా మండిపోయింది.

గ్లాసు పక్కకు నెట్టింది. "పులిసిపోయింది వదినా. బల్లకు పనికిరాదు."

రాహేలమ్మ మొహంలో రక్తం ఇంకిపోయింది. దీవెనమ్మ కన్నార్పకుండా చూసింది. ఇదిగో, ఇదే! అయిదేళ్లుగా చూడాలనుకున్న మొహం ఇదే.

రాహేలమ్మ అదే గ్లాసు తీసుకుని ఓ గుక్క తాగింది. నోట్లోనే ఉంచుకుని నిదానంగా మింగింది. "అబద్ధం చెబుతన్నావు" అంది.

"అబద్ధమే! మీరు చెప్పిందేంది మరి? ఆ డ్రైవరుతో నేను తిరుగుతన్నానని పాస్టరు చెవిలో ఊదింది నిజమా? నా నోటి ముందుకొచ్చిన గిన్నె మీ మూలంగా దాటిపోయింది. ఇప్పుడు మీది దాటిపోయిద్ది. రేపు సమాజంలో అందరి ముందూ ఇదే మాట చెబుతాను. ఏం చేసుకుంటారో చేసుకోండి!"

"దీవెనా, ఊరుకో... అక్కా, నువ్వు లోపలికి పద" అంటూ ఏసుదానం ఇద్దరి మధ్యకీ వచ్చాడు. తేలు కుట్టిన దొంగ మొహం.

"నువ్వు పక్కకి జరగరా దానం" అంది రాహేలమ్మ. "దీవెనా, నువ్వు ఆ వ్యాన్‌లో డ్రైవరు పక్కన ముందు సీట్లో కూర్చుని పోతన్నావని ఎవరో చెప్పుకుంటంటే విని, వాగింది నేనే. ఇంట్లో మీ ఆయన ముందు వాగాను. అది నా తప్పే, కాదనను. పాస్టరు దగ్గరికి మాత్రం నేను పోలేదు."

"మరి ఎవరు పోయారు?"

"మీ పుట్టింటోళ్లది వేరే మిషను. మా ఊరి సంఘం కట్టడి నీకు తెలవదు. మొగుడున్న ఆడదాన్ని బల్లకు దూరం పెట్టాలంటే ఆ మొగుడే వచ్చి నోటితో చెప్పాల. అక్క చెప్పినా చెల్లదు, అత్త చెప్పినా చెల్లదు. పెద్దలంతా కట్టగట్టుకొచ్చినా చెల్లదు."

దీవెనమ్మ మొగుడి వైపు తిరిగింది. ఏసుదానం నేల చూపులు చూస్తున్నాడు. కాదు అంటాడేమోనని ఎదురుచూసింది. ఎంతసేపు చూసినా ఆ మనిషి కాదు అనలేదు.

"మీరా?"

"ఆ వేళ పిచ్చెక్కినట్టయింది దీవెనా. నువ్వంత దూరాన, నేను ఊళ్లో... కోపం దిగేలోగా చెప్పేసి వచ్చాను."

"వెనక సీట్లో కూర్చుంటే నాకు వాంతులని ఈ భూమ్మీద మీకన్నా తెలిసినోళ్లు ఎవరున్నారు? మీ మేనమామను లేపి నన్ను ముందు కూర్చోబెట్టింది మీరు కాదూ?" దీవెనమ్మ గొంతు చీరుకుపోయింది. "చెప్పొచ్చి, నా పక్కనే మోకరించి, మీరు తాగారు! నేను ఏడుస్తంటే, మీ అక్క చెప్పుంటదని నా చెవిలో మీరే అన్నారు!"

ఆవిడ రాహేలమ్మ వైపు తిరిగింది. "తెలిసి మీరెందుకు నోరు మూసుకున్నారు?"

"నువ్వు నా మీద పగబడితే పండక్కి మాట్లాడవు, అంతే గదా. ఆడబిడ్డ మీద కోపంతో కాపురాలు కూలవమ్మా. మొగుడి మీదయితే కూలతయ్. అందుకని మోశాను. ఈ రసం దగ్గర మాత్రం మోయలేకపోయాను. ఇది నా దేవుడికి చేసుకుంది." రాహేలమ్మ కుర్చీలో కూలబడి కొంగు మొహాన కప్పుకుంది.

దీవెనమ్మ గ్లాసు అందుకుని మిగిలిందంతా తాగింది.

"పులవలేదు వదినా. ఇదే బల్లకెక్కుద్ది" అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "ముందు సీటు కబురు మోసింది మాత్రం మీరే. అది మర్చిపోను" అంది.

"మర్చిపోమాక" అంది రాహేలమ్మ కొంగులోంచే.

కోడిపులుసు ఎవరూ ముట్టుకోలేదు. కారు దగ్గర ఏసుదానం ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. దీవెనమ్మ వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.

"ముందు కూర్చో దీవెనా. వాంతులయితయ్."

"కానివ్వండి."

సుమాయిల్ దాటకముందే కారాపమంది. రోడ్డు పక్కన వంగి మూడిళ్ల రసమూ కక్కుకుంది. పరుగున వచ్చి తల పట్టుకోబోయిన ఏసుదానాన్ని "చెయ్యి తీయండి" అని కసిరింది. నీళ్లు పుక్కిలించి, చిలకపచ్చ చీర చెంగుతో మూతి తుడుచుకుని, అప్పుడు చెప్పింది.

"పండుగ నాడు సంఘంలో లేచి నిలబడండి. మీరేం చేశారో మీ నోటితో చెప్పండి. అది చెప్పందే బల్ల దగ్గరికి రావడానికి వీల్లేదు."

"అందరి ముందూనా?"

"నాకు జరిగింది ఎవరి ముందు?"

ఆవిడ మళ్లీ వెనక సీట్లోనే ఎక్కింది. ఇల్లు చేరేలోగా ఇంకో రెండుసార్లు ఆపించింది. పండుగ దాకా అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం పెట్టి అవతలి గదిలోకి వెళ్లిపోయేది. ఈ మనిషి లేచి నిలబడకపోతే ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. రాహేలమ్మతో పాటు తనూ ఇండియాకి టికెట్టు తీసుకోవడమే, అంతే.

క్రిస్మస్ సాయంత్రం హాలు కిటకిటలాడింది. బల్ల మీద తెల్లగుడ్డ, వెండిగిన్నె, గిన్నెలో రాహేలమ్మ చేతి రసం. ప్రసంగం అయ్యి, మొదటి వరస మోకరించాక పాస్టరుగారు గిన్నె అందుకోబోతుంటే, వెనక బెంచీలో ఏసుదానం లేచాడు.

"అయ్యగారూ, ఒక్క మాట." దగ్గి మళ్లీ మొదలుపెట్టాడు. "అయిదేళ్ల కిందట మా ఊళ్లో నా భార్య మీద అబద్ధం చెప్పి బల్లకు దూరం పెట్టించాను. చెప్పింది నేనే. ఆ నింద మా అక్క మీద పెట్టాను. నా భార్య ఏ తప్పూ చెయ్యలేదు. అప్పుడూ లేదు, ఎప్పుడూ లేదు."

తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. జూలీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జీవరత్నంగారు కళ్లజోడు తీసేశారు. ముందు వరసలో వదిన పక్కన మోకరించి ఉన్న దీవెనమ్మ కడుపు చల్లబడాలి. ఎన్నాళ్ల నుంచి కోరుకున్న రోజు! కానీ ఇంతమంది కళ్లు ఒకేసారి మీద పడితే ఒళ్లంతా ఎట్లా మండుతుందో ఆవిడకి తెలుసు. ఆ మంట ఇప్పుడు ఆయన ఒంట్లో ఉందని తలుచుకుంటే ఏడుపొచ్చింది.

పాస్టరుగారు గిన్నె పట్టుకుని వచ్చి ఆవిడ ముందు ఆగారు. వంగి, మెల్లగా అడిగారు. "ఏమ్మా దీవెనా? ఆయన్ని పిలవమంటావా?"

"ఈ నెలకొద్దు అయ్యగారూ" అంది దీవెనమ్మ. "వచ్చే నెల."

ఆ మాట అని లేచి నిలబడింది. రాహేలమ్మ కంగారుగా కొంగు పట్టుకుని లాగింది. "ఎక్కడికే? గిన్నె నీ ముందుంది!"

"మీరు తీసుకోండి వదినా. నాక్కూడా వచ్చే నెలే."

అందరి మధ్యలోంచి నడిచి వెనక బెంచీ దగ్గరికి వెళ్లి మొగుడి పక్కన కూర్చుంది. ఏసుదానం చేతుల్లో మొహం దాచుకుని ఉన్నాడు. పక్కన చీర గరగరకి తలెత్తి చూశాడు. "నువ్వెందుకొచ్చావు? నువ్వు తీసుకోవాల్సింది గదా" అన్నాడు.

"ఆ రోజు నన్నక్కడ మోకాళ్ల మీదే వదిలేసి, మీరు మూతి తుడుచుకుని మీ చోటికి పోయి కూర్చున్నారు" అంది దీవెనమ్మ. "పక్కన కూర్చోవడమంటే ఇట్టా కూర్చోవాల. చూసి నేర్చుకోండి."

ఏసుదానం భోరుమన్నాడు.

"ఏడవమాకండి, అందరూ చూస్తన్నారు" అంది ఆవిడ. అంటూనే ఆయన భుజానికి తల ఆనించి తనూ ఏడ్చేసింది.